సొసైటీ మెట్ల మీద చదివిన కాగితం

పోయిన సోమవారం తిరుపతిలో, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న పెద్ద బ్యాంకులో నా బొటనవేలు చెల్లలేదు. కౌంటరు మీద ఉన్న చిన్న యంత్రం మీద వేలు పెట్టమన్నారు, పెట్టాను, ఎర్ర దీపం వెలిగింది. తుడుచుకుని పెట్టమన్నారు. తడి చేసుకుని పెట్టమన్నారు. ఎడమ చెయ్యి, చూపుడువేలు, నడిమివేలు, అన్నీ అయ్యాయి. నలభై ఏళ్లు రేకు కోసి, మడిచి, సుత్తితో కొట్టిన చేతులివి, వీటి మీది గీతలు ఎప్పుడు అరిగిపోయాయో నాకే తెలియదు. సంతకం పెడతానమ్మా అన్నాను. కౌంటరులో ఉన్నది నా మనవరాలి వయసు పిల్ల. సంతకం పనికిరాదు తాతా, ముద్ర పడకపోతే ఖాతా ఆగిపోతుంది, ఇంకోసారి వచ్చి చూడండి అని నెమ్మదిగానే చెప్పి తరువాతి టోకెను పిలిచింది. విసుక్కోలేదు, ఈసడించలేదు. అందుకే నాకు భయం వేసింది. నా డబ్బు ఆగిపోతోంది, కానీ ఆపుతున్నది ఎవరో అక్కడ కనబడలేదు.

వేలిముద్ర వద్దు, సంతకం పెడతాను అనడం నా జన్మలో ఇది రెండోసారి. మొదటిసారి ఆ మాట అన్నది ముప్పై ఏళ్లకు పైగా కిందట, చిత్తూరులో. దాని వెనకాలే వచ్చిన భయాన్ని నేను ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, నా భార్యకు కూడా. బ్యాంకు నుంచి ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నప్పుడు అదంతా మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది.

మాది చిత్తూరులో రేకు పెట్టెలు చేసే కుటుంబం. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా, వీధిలో అందరిలాగే తండ్రిని నాయన అనే చెప్పుకునేవాళ్లం, ఇక్కడా అలాగే రాస్తాను. ఆ పెట్టెలు నా ఈడు వాళ్లకు గుర్తుంటాయి. హాస్టలుకు పోయే పిల్లలకు ఒకటి, అత్తగారింటికి పోయే ఆడపిల్లకు ఒకటి, మూత మీద ఎర్ర గులాబీ, ముందువైపు తెల్ల రంగుతో పేరు. ఐరాల నుంచి, సత్యవేడు దాకా ఉన్న పల్లెల నుంచి పెండ్లిళ్ల కాలంలో బస్సు మీద వేసుకుపోయేవాళ్లు. ఇంటి ముందు గది అంగడి, వెనక రెండు గదులు సంసారం. ఆ ఇల్లు మా నాయన తన చేతి కష్టంతో కొన్నది. దాని పత్రాన్ని ఆయన ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, తాను చేసిన మొదటి పెట్టెలో అడుగున పెట్టుకుని ఉండేవాడు. చదువు రాదు కాబట్టి ఆ పత్రం మీద ఉన్నది ఆయన బొటనవేలి ముద్ర. పండగనాడు గుడ్డ విప్పి, అత్తరు చుక్క ఒకటి రాసి, మళ్లీ చుట్టి పెట్టేవాడు.

తోలు రంగు సూటుకేసులు అంగళ్లలోకి వచ్చాక మా పెట్టెలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. రేకు బీరువాలు చేస్తే బతకవచ్చు, కానీ అందుకు కోత యంత్రం, వంపు యంత్రం కావాలి. అప్పు కోసం మొదట పోయింది ఒక పెద్ద బ్యాంకుకే. అక్కడి మేనేజరు కమలాపండు వలుచుకుంటూ, నన్ను కూర్చోమనకుండా, జీతం కాగితం ఏదైనా ఉందా అని అడిగాడు. పెట్టెలు చేసేవాడికి జీతం ఎవరిస్తారు? లేదన్నాను. ఆయన ఒక్కొక్క తొనకూ గింజలు తీసి బల్ల మీద వరసగా పేర్చాడు, నా వైపు మళ్లీ చూడలేదు. ఏడు గింజలు. అవి ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. ఇక ఈ జన్మలో పెద్ద బ్యాంకు గడప తొక్కనని ఆ రోజు మెట్లు దిగుతూ అనుకున్నాను.

మా వీధి చివర పరపతి సంఘం ఒకటి ఉండేది, అందరూ సొసైటీ అనేవాళ్లు. రెండు గదులు, నాలుగు మెట్లు, ఒక బీరువా. పాలు పోసేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, బెల్లం మండీల వాళ్లు, మాలాంటి పనివాళ్లు అందులో వాటా కట్టి సభ్యులుగా ఉండేవాళ్లు. అక్కడ జీతం కాగితం అడగరు. ఇద్దరు సభ్యులు నీ పక్కన నిలబడి, ఈ మనిషి మాకు తెలుసు అని చెప్పాలి, అంతే. నా కోసం నిలబడింది మా బావమరిది ఒకరు, ఎదురింటి బెల్లం మండీ ఆయన ఒకరు. పెద్ద మొత్తం కాబట్టి ఇంటి పత్రం కూడా పెట్టమన్నారు. నాయన ఒక రోజంతా మాట్లాడలేదు. మరునాడు పొద్దున్నే స్నానం చేసి, ఆకుపచ్చ గుడ్డను చంకలో పెట్టుకుని, పద అన్నాడు.

ఆ సొసైటీ సెక్రటరీ బక్క మనిషి, చెవి వెనక పెన్ను, ఎప్పుడూ తొందర. నాయన చెయ్యి పట్టుకుని ఇంకు ప్యాడు మీద అద్ది, రెండు కాగితాల మీద ముద్ర వేయించుకున్నాడు. తల ఎత్తకుండానే ఆ ప్యాడును నా ముందుకు తోశాడు.

"వెయ్యప్పా, టయమైతా ఉండాది."

గదిలో అయిదుమంది ఉన్నారు. నేను పదో తరగతి పాసైనవాణ్ణి. మా వీధిలో ఎవరికి అర్జీ రాయాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. కొళాయి నీళ్ల మీద మునిసిపాలిటీకి, చిల్లర ఇవ్వని కండక్టరు మీద డిపోకి, నేను రాసిన కాగితాల నకళ్లు ఒక పెట్టె నిండా ఉండేవి. వేలిముద్ర వద్దు, సంతకం పెడతాను అన్నాను. ఆయన నా లుంగీ వైపు, మసి చేతుల వైపు చూసి, "ఓ, వస్తాదా" అన్నాడు. మండీ ఆయన నవ్వాడు. నేను కాగితం సగం నిండేటంత పెద్దగా సంతకం పెట్టాను. దాని కోసం సెక్రటరీ ఇంకో ఫారం తియ్యవలసి వచ్చింది.

అప్పు వచ్చింది, యంత్రాలు వచ్చాయి, బీరువాల పని మొదలైంది. నెలనెలా సొసైటీకి పోయి వాయిదా కట్టేవాణ్ణి, మిగిలింది అక్కడే దాచుకునేవాణ్ణి. పోయినప్పుడల్లా ఆ ఇంకు ప్యాడు బల్ల మీద కనబడేది. "వస్తాదా" అన్న మాట చెవిలో మెదిలేది. ఆరు నెలలు ఓర్చుకున్నాను. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, పొడుగు తెల్ల కాగితం తీసి, సహకార శాఖ ఆఫీసుకు అర్జీ రాశాను. సెక్రటరీ సభ్యులకు మర్యాద ఇవ్వడం లేదని రాశాను. అది నిజమే. కానీ అంతటితో కాగితం సగమే నిండింది. మర్యాద లేదన్న మాటకు ఎవరు కదులుతారు అనిపించి, చివర్లో ఇంకొక వాక్యం చేర్చాను. సంఘం లెక్కలను కూడా పరీక్షించవలసిందిగా కోరుతున్నాను అని. లెక్కల గురించి నాకేమీ తెలియదు, అనుమానం కూడా లేదు. వాక్యం బరువుగా ఉంటుందని రాశాను.

రాసిన సంగతే మరిచిపోయాను. మూడు నెలల తరువాత సొసైటీ ముందు ఒక జీపు ఆగింది.

ఆ జీపు మొదటిరోజు ఉండింది, రెండోరోజూ ఉండింది. లోపల ఇద్దరు మనుషులు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారని, తలుపు సగం మూశారని టీ అంగడిలో చెప్పుకున్నారు. సాయంత్రానికి బీరువా ఖాళీ అంట అన్నారు. మరునాటికి సెక్రటరీ తమిళనాడుకు పారిపోయినాడంట అన్నారు, ఆయన అదే వీధిలో కూరగాయల సంచితో నడిచిపోతున్నా సరే. అన్నిటిలోకీ నన్ను చంపిన మాట ఒకటుంది. సొసైటీ మూత పడితే సర్కారు మనిషి వచ్చి అప్పులన్నీ ఒకేసారి కట్టమంటాడని, కట్టలేకపోతే తాకట్టు పెట్టిన ఇండ్లు వేలానికి పోతాయని. అది నిజమో కాదో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. తెలియకపోవడం వల్ల అది ఇంకా నిజంగా అనిపించింది.

నా భయానికి ఇంకొక కారణం ఉంది. సొసైటీలో ఇంటి పత్రాలు పెట్టేది బీరువాలో కాదు, దాని పక్కన ఉన్న రేకు పెట్టెలో. ఆ పెట్టె చేసింది మా నాయన. దాని రేకు మందం నాకు తెలుసు. తాళం కొక్కెం ఎన్ని దెబ్బలకు ఊడుతుందో నాకు తెలుసు. గుంపు లోపలికి తోసుకువస్తే ఆ పెట్టె నిమిషం నిలవదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. నాయన పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వచ్చి అంగడి గడప దగ్గర నిలబడి అడిగేవాడు.

"కాగితం యాడుండాది రా?"

"ఆడే ఉండాది నాయనా, భద్రంగా ఉండాది."

మూడోసారి అడగలేదు. నా మొహం చూసి వెనక్కి పోయి, తన ఖాళీ పెట్టె మూత తెరిచి లోపలికి చూసి, మూసి, మళ్లీ తెరిచి చూస్తూ కూర్చున్నాడు. ఆ మూత కీచుమన్నప్పుడల్లా నేను రాసిన వాక్యం నాకు ఒక్కొక్క అక్షరం వినబడేది. నేనే చేసింది ఇదంతా అని ఎవరితో చెప్పుకోను? చెబితే వీధి నన్ను బతకనివ్వదు. చెప్పకపోతే నాయన కళ్లలోకి చూడలేను.

మూడోరోజు పొద్దున జనం వరస కట్టారు. మెట్ల దగ్గర మొదలై, టీ అంగడి దాటి, పిండి మిషను మలుపు దాకా ఉంది వరస. పూలామె బుట్టతో సహా వచ్చింది. అందరికంటే ముందు నిలబడింది ఎవరో తెలుసా? ఎదురింటి బెల్లం మండీ ఆయన, నాకు సాక్షిగా నిలబడ్డ మనిషి. దాచుకున్నది తీసుకుపోవడానికి తెల్లవారకముందే వచ్చి, మెట్టు మీద తువ్వాలు పరుచుకున్నాడట. ఆ తువ్వాలును నేను ఇంతవరకు క్షమించలేదు. మాటలు గట్టిపడుతున్నాయి. దొంగనాయాళ్లను బయటికి లాగండప్పా అని ఎవరో అరిచారు. నేను వరసలో నడిమధ్యన నిలబడి, అందరితో పాటు తల ఊపుతున్నాను.

అప్పుడు సెక్రటరీ గడపలోకి వచ్చాడు. కళ్లతో వరసంతా వెతికి, నా దగ్గర ఆగి, చెయ్యి ఊపాడు. నిన్నే, లోపలికి రా అని.

లోపలికి పోయేసరికి ఆయన బల్ల వెనక నిలబడి ఉన్నాడు. బల్ల మీద, గాజు బరువు కింద, పొడుగు తెల్ల కాగితం. నా చేతిరాత. అర్జీ వస్తే ఆఫీసువాళ్లు దాన్ని ఎవరి మీద వచ్చిందో వాళ్లకే సంజాయిషీ కోసం పంపుతారన్న సంగతి, ఇన్ని అర్జీలు రాసిన నాకు అప్పటిదాకా తట్టలేదు. మూలలో నాయన చేసిన పెట్టె కనబడింది. దాని తాళం కొక్కెం కనబడింది.

"అక్షరాలు బాగుండాయప్పా నీవి," అన్నాడు సెక్రటరీ. గొంతులో కోపం లేదు. మూడు రోజులుగా నిద్ర లేని గొంతు అది. "మూడు దినాలుగా సూస్తా ఉండా. ఒక్క తప్పు లేదు."

నేను గాజు బరువు కింద ఉన్న నా సంతకం వైపు చూశాను.

ఆయన సొరుగులోంచి ఇంకొక కాగితం తీశాడు. ముందురోజే తనిఖీ ముగించి పోయిన ఇన్స్పెక్టరు సంతకం, గుండ్రటి ముద్ర ఉన్న కాగితం. నా చేతికిచ్చి, బయటికి పద అన్నాడు. మెట్ల మీదికి తీసుకుపోయి గుంపుకు అప్పగిస్తాడనే అనుకున్నాను. ఇదిగో, ఈయనే రాసింది అని ఆయన ఒక్క మాట అంటే చాలు. గడప దాటేటప్పుడు వెనక్కి చూశాను. పంకా గాలికి నా అర్జీ అంచు లేస్తోంది, పడుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. వరసలో అందరికంటే ముందున్న మండీ ఆయన మెడ కొంచెం చాపితే చదవగలడు.

సెక్రటరీ జనం వైపు తిరిగి గొంతు పెంచాడు.

"నేను సదివితే దొంగే సదవతా ఉండాడంటారు. ఈయనకు సదువొస్తాది. ఈయన సదవతాడు, ఇనండి."

చదివాను. మొదటి వాక్యం నోట్లోంచి రాలేదు. ఇనపడలేదప్పా అని వెనకనుంచి అరిచారు. మళ్లీ మొదలుపెట్టాను. నగదు పుస్తకంతో సరిపోయింది, తాకట్టు నగలు అన్నీ ఉన్నాయి, తాకట్టు పత్రాలు ఒక్కొక్కటి తీసి చూశాము, ఒకటీ తక్కువ లేదు, ఆరోపణకు ఆధారం లేదు. ఆ చివరి మాట దగ్గర ఆగాను. ఆ ఆరోపణ ఎవరిదో తెలిసినవాళ్లం ఆ మెట్ల మీద ఇద్దరమే. ఆధారం లేదు అని రెండోసారి, గట్టిగా చదివాను. ఎవరూ అడగకుండానే.

పూలామె ముందుగా నోరు తెరిచింది.

"యోవ్, ఈయప్ప పెండ్లికి పోతే పాయసం బాగుండాదని కూడా అనడు. ఈయనే సరిగ్గా ఉండాదని సదవతా ఉంటే మనమేంటికి నిలబడుకునేది ఎండలో?"

జనం నవ్వారు. నేను తప్పులు పట్టే మనిషినని వీధంతటికీ తెలుసు. ఏదైనా సరిగ్గా ఉంది అని నేను అనగా ఎవరూ విని ఉండరు. ఆ నవ్వుతో వరస వెనక నుంచి ఊడడం మొదలైంది. పిండి మిషను దగ్గరివాళ్లు పోయారు, టీ అంగడి దగ్గరివాళ్లు టీకి కూర్చున్నారు. అందరూ పోయారని చెప్పను. మధ్యాహ్నం దాకా కొందరు నిలబడి తమది తాము తీసుకునే పోయారు, మండీ ఆయన వాళ్లలో మొదటివాడు. మరో వారం దాకా సొసైటీ ముందు సైకిలు ఆగినా జనం తిరిగి చూసేవాళ్లు. కానీ పెట్టె తాళం ఊడలేదు. ఇంటికి పోయి, కాగితం ఉండాది నాయనా, నేనే సదివి వచ్చినాను అని చెప్పాను. నాయన తన పెట్టె మూత వేసి, ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాడు.

సెక్రటరీకి క్షమాపణ చెప్పలేదు నేను. రేపు చెబుదాం, వచ్చే వాయిదాకు చెబుదాం అనుకుంటూనే ఏళ్లు గడిచాయి. కౌంటరు దగ్గర ఎదురుపడితే ఇద్దరం తల ఊపుకునేవాళ్లం. మనిషి తొందర తగ్గలేదు, మర్యాద పెద్దగా పెరగలేదు. కానీ నా వంతు వచ్చినప్పుడు ఇంకు ప్యాడును పక్కకు జరిపి, చెవి వెనకనుంచి తన పెన్ను తీసి ఇచ్చేవాడు. నా జేబులో పెన్ను ఉన్నా ఆ పెన్నుతోనే పెట్టేవాణ్ణి. అప్పు తీరిన రోజు, ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన పత్రం చేతికిచ్చాడు. ఇంటికొచ్చి విప్పితే పత్రం మడతలో నా అర్జీ ఉంది. దాని మీద ఆయన ఒక్క గీత కూడా గీయలేదు. దాన్ని ఎవరికీ చూపించకుండా నకళ్ల పెట్టెలో అడుగున వేశాను.

ఆయన పోయాక నేను ఇంకొక అర్జీ రాశాను. ఒక మనిషిని మెచ్చుకుంటూ రాసింది అదొక్కటే. సెక్రటరీ ఫోటో ఒకటి సొసైటీ గోడకు పెట్టవలసిందిగా కోరాను. కొత్త కమిటీ జవాబు కూడా ఇవ్వలేదు. అది కూడా నేను మరిచిపోలేదు. తరువాత వాటాలు వెనక్కిచ్చి సొసైటీని ఎత్తేశారు. ఆ రెండు గదుల్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తారని విన్నాను. నాయన, ఇల్లు, అంగడి, ఒకటి తరువాత ఒకటి కాలంలో కలిసిపోయాయి. నా కొడుకు లాడ్జిలో పని చూసుకుని తిరుపతి వచ్చాడు, నేనూ వాడితో వచ్చాను. జన్మలో తొక్కననుకున్న గడపే ఇప్పుడు నాకు దిక్కైంది.

ఆ రోజు మెట్ల మీద నాకు కలిగిన భయానికీ, మొన్న బ్యాంకులో కలిగిన భయానికీ తేడా ఏమిటా అని ఈ నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. అప్పుడు నన్ను పట్టించగల మనిషి ఒకడు నా ఎదురుగా ఉన్నాడు, వదిలిపెట్టగలిగిందీ ఆ మనిషే. నన్ను చూసి ఈయన మాకు తెలుసు అనడానికి ఇద్దరుండేవాళ్లు, వాళ్లలో ఒకడు తువ్వాలు పరిచేవాడైనా సరే. ఇప్పుడు నేను ఎవరినో చెప్పవలసింది నా వేలే, అది కూడా నన్ను ఎరగనంటోంది. అలవాటుగా పొడుగు కాగితం తీసి అర్జీ మొదలుపెట్టాను. గౌరవనీయులైన అని రాసి ఆగిపోయాను. ఎవరి మీద రాయాలి? ఆ పిల్ల మీదా? పాపం, తాతా అని పిలిచింది. ఒక్క మాటతో ఆగిన ఆ కాగితం నా దిండు కింద ఉంది.

రేపు మళ్లీ పోవాలి. వేళ్లకు రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకోమని కోడలు చెప్పింది, గీతలు తేలతాయట, రాసుకుంటాను. ఎర్ర దీపమే వెలుగుతుందేమోనని ఇప్పటినుంచే భయంగా ఉంది. అయినా చొక్కా ఉతికి ఆరేశాను, దాని జేబులో పెన్ను ఇప్పుడే పెట్టి ఉంచాను. ఎవరైనా ఆ యంత్రాన్ని కొంచెం పక్కకు జరిపి, నీకు రాయడం వస్తాదా అని అడిగితే, ఈసారి కోపం తెచ్చుకోను.